రేవులో చదివిన ఆకు

ఆ ఏడాది మఠంలో చెదలు పట్టాయి. పసుపునీళ్లలో ఉడికించి నీడన ఆరబెట్టిన కొత్త తాటాకులన్నీ పోయి, ఒక్క గ్రంథానికి సరిపడా మాత్రం మిగిలాయి.

మూడు వందల ఏళ్ల నాటి కావ్యానికి కొత్త ప్రతి రాసే పని విరూపాక్షుడిది. పాత ఆకులు పట్టుకుంటే అంచులు పొడి అవుతున్నాయి. ఈ వానాకాలం దాటవు.

అతను గురువు ఏకామ్రయ్య ముందు నిలబడ్డాడు.

"అయ్యవారూ, ఆ కొత్త ఆకులు నాకివ్వండి. రాజుగారు నిరుడు గెలిచిన యుద్ధం మీద కావ్యం రాశాను. చిత్తు ప్రతి సిద్ధంగా ఉంది. ఆ పాతదాంట్లో ఏముంది, ఎప్పుడో పోయినవాళ్ల గోల!"

ఏకామ్రయ్య పాత కట్ట విప్పి, మధ్యలోంచి ఒక ఆకు తీశాడు. అక్షరాలు వెలిసిపోయాయి. నూనెలో కలిపిన దీపపు మసి రుద్ది, గుడ్డతో తుడిచాడు. గంటం మొనతో చెక్కిన గీతల్లో నలుపు నిలిచింది.

"నీదొకటి, ఇదొకటి. రేవులో చదివిరా. ఏది రాయాలో నువ్వే చెబుదువుగాని."

అవతలి ఒడ్డున సంత. జనం పడవ ఎక్కుతున్నారు. విరూపాక్షుడు ముందు తనది చదివాడు. ఏనుగులు, శంఖాలు, పారిపోయిన శత్రువులు.

"బాగుంది సామీ," అంది నూనె అమ్మే సంకమ్మ, కుండ సర్దుకుంటూ. "మరి రాజు పన్ను తగ్గిస్తాడంటా?"

అందరూ నవ్వారు. అతను పాత ఆకు ఎత్తాడు. పద్యం చదివి, అర్థం విప్పి చెప్పాడు.

"కొడుకుతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది తల్లి. వాడు గుమ్మంలోకి రాగానే ముఖం తిప్పుకుని ఆవుతో అంది: ఉట్టిమీద అన్నం ఉందని చెప్పవే వాడికి. పెరుగు అడుగున దాచానని కూడా చెప్పు."

సంకమ్మ కుండ కింద పెట్టేసింది.

"ఓరి నాయనో! పొద్దున నేను మావాడికి చెప్పమని పిల్లితో అనొచ్చాను!"

"పిల్లికేం, పక్కింట్లో నాకూ వినబడింది," అన్నాడొకాయన.

"ఇంతకీ ఆ పిల్లాడు తిన్నాడా సామీ?" అడిగారు ఇంకెవరో.

ఆకు అక్కడితో అయిపోయింది. "తెలియదు," అన్నాడు విరూపాక్షుడు.

పడవవాడు గెడ కింద పడేశాడు. "ఆ సంగతి తేలేదాకా పడవ కదలదు. పోయి తెలుసుకురా!"

"రాసినాయన మా వీధివాడా?" అడిగింది సంకమ్మ.

"పోయి మూడు వందల ఏళ్లయిందమ్మా."

"అయితే మా ఇంటి సంగతి ఎవరు చెప్పారంట?"

విరూపాక్షుడు పంచె ఎగగట్టి పరుగెత్తాడు. వెనక సంకమ్మ, ఆమె వెనక సగం పడవ.

"తర్వాతి ఆకు అయ్యవారూ! తర్వాతి ఆకు!"

ఏకామ్రయ్య దానికి అప్పటికే మసి పూసి ఉంచాడు. విరూపాక్షుడు వాకిట్లోనే నిలబడి, రొప్పుతూ చదివాడు.

"కొడుకు కూడా ఆవుతోనే అన్నాడు: అమ్మ తినందే నేను తిననని చెప్పవే."

జనం హోరుమన్నారు. సంకమ్మ మాత్రం కుండ నెత్తికెత్తుకుని, సంతకు కాకుండా ఇంటిదారి పట్టింది.

జనం వెళ్లాక విరూపాక్షుడు కొత్త ఆకులు ముందు పెట్టుకున్నాడు. పాత కావ్యం మొదటి ఆకు పక్కన పరిచి, గంటం పట్టాడు.

కాసేపటికి ఏకామ్రయ్య అడిగాడు.

"యుద్ధం అయ్యాక నీ కావ్యంలో రాజు ఇంటికెళ్లి అన్నం తిన్నాడట్రా?"

విరూపాక్షుడు గంటం ఆపి తన చిత్తు ప్రతి తిరగేశాడు. ఏనుగులే ఉన్నాయి, అన్నం మాట లేదు.