తలుపులేని మేడ

కొండవాగు పక్కనున్న పచ్చికబయలు ఊరి పశువులదేనని, అక్కడ పశువుల పాక తప్ప మరేదీ కట్టకూడదని ఆ రాజ్యంలో తాతల నాటి శాసనం. అక్కడి చల్లగాలి దండనాయకుడు వీరభూపతికి తెగ నచ్చింది. మేడ కడతానన్నాడు. ఊరిపెద్ద ససేమిరా అన్నాడు. భూపతి తిన్నగా రాజుగారి కొలువుకెక్కాడు.

"మేడ అని ఎవరన్నారు ప్రభూ? అది పశువుల పాకే, కాస్త పెద్దది," అన్నాడు మీసం దువ్వుతూ.

రాజు భూపతి తెచ్చిన కట్టడం పటం విప్పి చూశాడు. పాకకి రెండంతస్తులు, పాలరాతి నేల, నెమళ్లు చెక్కిన పడకగది! కాదంటే దండనాయకుడు అలుగుతాడు, అవునంటే శాసనం మంటగలుస్తుంది. ఎటూ తేల్చుకోలేక, ఊరి తరఫున వచ్చిన పశువుల కాపరి పైడమ్మ వైపు చూశాడు.

పైడమ్మకి ఒకటే దిగులు. ఈయన మాట నెగ్గితే రేపు పశువుల్ని తోలేదెక్కడికి? అయినా కొంగు నడుముకి బిగించి ముందుకొచ్చింది.

"పాకే అయితే మాకేం అభ్యంతరం మహారాజా? నిక్షేపంగా కట్టుకోమనండి. కాకపోతే మా బయల్లో పాకకి తలుపు పెట్టే ఆచారం లేదు. వానొస్తే ఎవరి గొడ్డయినా లోపలికి దూరుతుంది. మా గేదెలు బురదకాళ్లతో మెట్లెక్కుతాయేమో, అదొక్కటే నా భయం."

రాజుకి ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం భూపతీ! తలుపులు లేకుండా కట్టుకో, అనుమతిస్తున్నాం."

భూపతి ముఖం గంటుపెట్టుకుని, "వద్దులెండి ప్రభూ. అక్కడ నేలంతా చెమ్మ, పాకకి పనికిరాదు," అని గొణిగాడు.

"అయ్యో పాపం!" అంది పైడమ్మ. "మరి తమరి ఆవులు వానకి తడిసిపోతాయే దొరా! మా పాకలోకి తోలించండి. దానికీ తలుపు లేదు."