చెలమలో చెయ్యి

ఆ రోజు కేదారికి తల ప్రాణం తోకకొచ్చింది.

పెన్న ఒడ్డున పూర్ణయ్య స్వామి ఆశ్రమంలో బడికీ, ఆసుపత్రికీ, గోశాలకీ కలిపి మెయిళ్లన్నీ వచ్చేది ఒకే ఒక పాత సర్వర్‌కి. దాన్ని కనిపెట్టుకుని ఉండటమే శిష్యుడు కేదారికి స్వామి అప్పగించిన సేవ. మర్నాడు కంటి ఆపరేషన్లు. పట్నం నుంచి ముసలివాళ్ల రక్తపరీక్షల రిపోర్టులు చీకటి పడేలోగా మెయిల్లో రావాలి. రాకపోతే ఆపరేషన్లు లేవు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు వరండాలో చాపల మీద కూర్చుని దేవుళ్లకు మొక్కుకుంటున్నారు.

ఇక చూస్కోండి, వచ్చాయా వచ్చాయా అని ఆశ్రమమంతా మెయిల్ తెరవడమే! డాక్టరమ్మా, నర్సులూ సరే, ఏ సంబంధమూ లేని గోశాల భద్రయ్యకు ఏం పోయేకాలం? ఈ తాకిడికి సర్వర్‌కు ఊపిరాడక, బయటి నుంచి వచ్చే మెయిల్‌ని లోపలికే తీసుకోలేకపోతోంది. పావుగంటకోసారి చూడండి బాబూ అని కేదారి అందరి కాళ్లావేళ్లా పడ్డాడు. వింటేనా!

"నేనొక్కణ్ణి చూస్తే కొంప మునుగుతుందా?" అన్నాడు భద్రయ్య.

అందరిదీ అదే పాట. పోనీ, పావుగంటలో రెండోసారి అడిగితే సర్వరే జవాబివ్వకుండా కట్టడి పెడదామంటే డాక్టరమ్మ కయ్యిమని లేచింది. కేదారి విసురుగా స్వామి దగ్గరికి పోయాడు.

స్వామి ఏటి ఇసుకలో చెలమ పక్కన కూర్చుని ఉన్నాడు. ఎండాకాలం ఆశ్రమానికి తాగునీళ్లు ఆ ఇసుక గుంటలో ఊరే నీళ్లే.

"ఈ సేవ నాకొద్దు స్వామీ! ఒక్కరూ మాట వినరు. క్షణం ఆగరు."

"నువ్వో?"

"నాకు తప్పుతుందా స్వామీ? బాధ్యత నాది. అర నిమిషానికోసారి చూస్తూనే ఉన్నాను!"

స్వామి కొబ్బరి చిప్ప అందించాడు. "వరండాలో వాళ్లు దప్పికతో ఉన్నారు. ఈ బిందె నింపు."

కేదారి మొదటి చిప్ప ముంచాడు. తేటనీళ్లు. తొందరలో వెంటనే ఇంకోటి ముంచాడు. ఇసుక తేలింది. ఆ పైన ఒట్టి బురద. ఉక్రోషంతో ఇంకా లోతుకు గీకాడు.

"ఛీ! ఇదీ నా ప్రాణానికే వచ్చిందా!"

స్వామి అతని మణికట్టు పట్టుకుని చేతిని మెల్లగా పైకి తీశాడు. ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. బురద అడుక్కు దిగింది. కింది నుంచి నీరు ఊరుతూ పైకొచ్చింది.

"దప్పిక ఎక్కువున్నవాడే ముందు చెయ్యి తీయాలిరా," అన్నాడు స్వామి.

కేదారి ఆగి ఆగి ముంచి బిందె నింపాడు. దాన్ని వరండాలో దించి, లోపలికెళ్లి కట్టడి పెట్టాడు. ముందు తన పేరు మీద, ఆ తర్వాతే మిగతావాళ్ల మీద. డాక్టరమ్మ తిడుతూనే ఉంది. అతను తన కంప్యూటర్ ఆపేసి వరండాలోకి వచ్చాడు.

"వచ్చాయా నాయనా?" అంది ఒక అవ్వ.

"వస్తాయిలే అవ్వా." గ్లాసులో నీళ్లు పోసి ఆమె చేతికిచ్చాడు.

ఆమె సగం తాగిందో లేదో, లోపలి నుంచి డాక్టరమ్మ కేక. "కేదారీ! వచ్చేశాయ్! నువ్వూ చూడు!"

"పావుగంట కానివ్వండమ్మా," అన్నాడు కేదారి.