కేక ఆపిన కొండముచ్చు

ఇప్పలకోన అనే అడవిలో దుప్పులు, కణుజులు, కొండముచ్చులు, గోరింకలు కలిసిమెలిసి ఉండేవి. ఎండాకాలంలో వాటన్నిటికీ వాగు ఒక్కటే దిక్కు. వాగుకు పోయే దారిలో, మద్దిచెట్టు మీద సింగన్న అనే కొండముచ్చు కాపలా కాసేది.

కాపలాకి ఒక పద్ధతి ఉంది. దారి బాగుంటే కాసేపటికోసారి "హూప్!" అని కేక వేయాలి. అవతలి గుట్ట మీద ఓబులమ్మ అనే ముసలి కొండముచ్చు ఆ కేక విని, తనూ బదులు కేక వేసి, దుప్పులను ఆ దారిన పంపేది. కేక ఆగిందంటే కాపలాదారును పులి పట్టుకుందని లెక్క. అప్పుడు మందలన్నీ రాళ్లకనుమ మీదుగా చుట్టు తిరిగి పోవాలి.

ఆ ఏడు అడవిలోకి రేచుకుక్కలు వచ్చిపడ్డాయి. వాటి రాక తెలపడానికి కాపలావాళ్లంతా కొత్త కేక ఒకటి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఒక గోరింక సింగన్న దగ్గరికి వచ్చింది. "అన్నా, నువ్వు నేర్చుకున్నంతసేపూ నీ పాత కేక నేను వేస్తాను. నాకు బాగా వచ్చు" అంది.

"నా కేక నీ గొంతులోనా? ఇంకా నయం! ఒక్కపూట నేను అరవకపోతే అడవేం మునిగిపోదులే" అని సింగన్న కసిరింది.

పాత కేక నోట్లో ఉంటే కొత్తది పట్టుబడదట! మహా విద్వాంసుడిలా ఆకుల గుబురులో దూరి, నోరు మూసుకుని లోలోపలే సాధన మొదలుపెట్టింది.

గుట్ట మీద ఓబులమ్మ చెవులు రిక్కించింది. కేక లేదు. ఇంకాసేపు ఆగింది. అయినా లేదు.

"అయ్యో, సింగన్న పోయాడే!" అని ఏడుస్తూ మందను రాళ్లకనుమ వైపు మళ్లించి, తోడుగా తనూ నడిచింది. ఆ మందలో అప్పుడప్పుడే నడక నేర్చిన దుప్పికూన ఉంది. ఎండకు కాలిన బండల మీద జారిపడి దాని కాలు విరిగింది.

పొద్దువాలేసరికి సింగన్నకు కొత్త కేక వచ్చేసింది. అందరి మెప్పూ పొందాలని వాగు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ తల్లిదుప్పి కూన కాలు నాకుతూ కూర్చుంది. సింగన్నను చూడగానే దాని కళ్లు చెమర్చాయి.

"బతికే ఉన్నావా అన్నా! పులి నోట పడ్డావని దారంతా ఏడ్చుకుంటూ వచ్చాం. నీకేం కాలేదు కదా?"

సింగన్నకు తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"నేను... కొత్త కేక నేర్చుకుంటున్నాను" అని నసిగింది.

"నేనూ పొద్దున్నే నేర్చుకున్నాను నాయనా" అంది ఓబులమ్మ. "అంతసేపూ నా కేక గోరింకే వేసింది. నీకు తేడా తెలిసిందా?"

"తెలియలేదు" అంది సింగన్న నేల చూపులు చూస్తూ.

అప్పుడే గుట్ట మీంచి "హూప్!" అని వినిపించింది. అచ్చం ఓబులమ్మ గొంతే. ఓబులమ్మ మాత్రం ఇక్కడే, కూన పక్కనే ఉంది.

కూన లేవబోయి తూలింది. పట్టుకుందామని సింగన్న చెయ్యి చాచింది. కూన బెదరలేదు, నమ్మకంగా ఆ చేతి మీదే వాలింది. సింగన్న సిగ్గుతో ముఖం పక్కకు తిప్పుకుంది.

నీతి: కొత్తది నేర్చుకోవడం మంచిదే. కానీ మనల్ని నమ్ముకున్నవాళ్ల పని ఆగిపోకుండా, ముందు మరొకరికి అప్పగించి నేర్చుకోవాలి.