సగం దారి రుసుము

ఆ దేశంలో బండి తోలాలంటే కార్డు ఉండాలి. కార్డు మీద తోలే మనిషి ముఖం, పేరు ఉంటాయి. అది పోయినా, పాడైనా కొత్తది ఇస్తారు. రుసుము డబ్బు కాదు, దారి.

కచేరి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. పోయిన కార్డుకు ఒక దారి. పాడైన కార్డుకు సగం దారి. కిటికీ ముందు నిలబడి ఫలానా దారి ఇస్తున్నానని పైకి చెబితే చాలు, అది మనిషి అరికాళ్ళలోంచి మెల్లగా జారి, చాపలా చుట్టుకుని, గుమాస్తా చేతిలోకి వెళ్ళిపోయేది. ఇక ఆ మనిషికి ఆ దారి గుర్తుండదు. సగం ఇచ్చినవాళ్ళకి వెళ్ళడం తెలిస్తే రావడం తెలిసేది కాదు, రావడం తెలిస్తే వెళ్ళడం తెలిసేది కాదు.

మగవాళ్ళ కార్డులు అరుదుగా పోయేవి. వాళ్ళ చొక్కాలకు జేబులున్నాయి. ఒకవేళ పోయినా దిగులుపడేవాళ్ళు కాదు. "నీళ్ళ రేవు దారి రాసుకోండి. ఎలాగూ మా ఆవిడే కదా వెళ్ళేది" అని కొత్త కార్డు జేబులో వేసుకుని ఈలపాట పాడుకుంటూ పోయేవాళ్ళు. ఆడవాళ్ళ బట్టలకు జేబు కుట్టాలని మాత్రం ఆ దేశంలో ఏ దర్జీకీ తోచలేదు. కార్డు బొడ్లో దోపుకుంటే బావిలో పడేది. బియ్యం డబ్బాలో దాచుకుంటే ఎలుకలు కొరికేవి. రవికెలో పెట్టుకుంటే చెమటకి చెరిగిపోయేది.

ఉప్పు బండి తోలే ఆమె కార్డు రవికెలోది. మూడు ఎండాకాలాల చెమట తాగి ముక్కు పోయింది, కళ్ళు పోయాయి, పేరులో చివరి అక్షరం ఒక్కటే మిగిలింది. కొండ కనుమ దగ్గర కాపలావాడు పొద్దున్నే దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పొద్దు గుంకేలోగా కొత్తది చూపించకపోతే బండీ ఎద్దులూ ఆమె ఇంట్లో కార్డున్నవాడి పాలవుతాయన్నాడు. ఆ ఇంట్లో కార్డున్నవాడు ఆమె మరిది. అతని కార్డు తళతళలాడుతూ ఉండేది. ఏనాడూ బండి తోలితే కదా!

వదినకి తోడుగా ఉంటానని మరిది కూడా వచ్చాడు. కచేరి చుట్టూ ఎప్పుడూ పాలపొర లాంటి మంచు. ఆమె బండి దిగి ఎద్దుల ముందు నడుస్తూ దారి చూసుకుంటూ వస్తే, అతను ఆమె వీపు చూసుకుంటూ వచ్చాడు. వచ్చీ రాగానే పగ్గాలు అందుకున్నాడు.

పాడైన కార్డుల వరసలో అందరూ ఆడవాళ్ళే. ఆమెకు ముందు కూరగాయల తోపుడు బండి ముసలామె ఉంది.

"ఎన్నోసారి పిన్నీ?" అని అడిగింది ఉప్పు బండి ఆమె.

"నాలుగోసారి తల్లీ. ముందు మూడూ బావిలో పడ్డాయి. మొదటిసారి పుట్టింటి దారి ఇచ్చా. కొత్త కాపురం, ఇంక అదెందుకే నీకన్నారు అందరూ. రెండోసారి ఏటి దారి. అక్కడ నేను ఈత కొట్టేదాన్నట."

"అట ఏంటి?"

"మా చెల్లెలు చెబితే తెలిసింది మరి! మూడోది ఏమిచ్చానో చెప్పడానికి చెల్లెలు కూడా లేదు." ముసలామె ఎలుకలు కొరికిన కార్డు తీసి చూసుకుంది. "ఇప్పుడు బజారు దారి ఒక్కటే మిగిలింది. వెళ్ళే సగం ఇస్తే ఆకలి. వచ్చే సగం ఇస్తే కార్డు పట్టుకుని బజార్లోనే పడుండాలి. నాకింకా తేలలేదు, నువ్వు ముందు పద."

గుమాస్తా మెత్తని మనిషి. ఎవరినీ కసురుకునేవాడు కాదు. దారులు తీసుకునేటప్పుడు కూడా రెండు చేతులతో మర్యాదగా తీసుకునేవాడు. ఆమె కార్డు వెలుతురుకి పట్టి చూశాడు.

"ఇందులో ఎవరూ లేరేమ్మా?"

"నేనే."

"సరే. ఏ దారి ఇస్తావు?"

ఆమె లోపల్లోపలే దారులన్నీ తడుముకుంది. ఉప్పుమళ్ళ దారి, సంతల దారులు, కనుమ దారి. వాటిలో ఏది పోయినా బండి నడవదు. అవి కాక ఒక్కటే ఉంది. సీతాఫలాల తోపు పక్కనుంచి, రాళ్ళవాగు దాటి, అక్క ఇంటికి వెళ్ళే దారి. అక్క తలుపుకి లోపలి గొళ్ళెం వేసేది కాదు. ఎందుకొచ్చావని అడక్కుండా ముందు కంచం పెట్టేది.

"ఏముంది వదినా, మీ అక్క ఊరి దారి ఇచ్చెయ్" అన్నాడు మరిది వెనకనుంచి. "ఆరేళ్ళయింది నువ్వటు వెళ్ళక."

"వెళ్ళకపోవడమా? వెళ్ళనిచ్చారా?"

"అదేలే. మొత్తానికి వాడటం లేదుగా."

"తిరిగొచ్చే సగం ఇవ్వమ్మా. వెళ్ళే సగం నీకే ఉంటుంది" అన్నాడు గుమాస్తా జాలిగా.

"అయ్యో, వద్దండీ!" మరిది కంగారుపడ్డాడు. "వెళ్ళే సగమే రాసుకోండి. వెళ్ళి తిరిగి రాకపోతే రొట్టెలెవరు చేస్తారు?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. తన పాదాల కేసి చూసుకుంది. వాటికి ఇంకా కచేరి దారి దుమ్ము అంటుకుని ఉంది.

"నేను నడిచిన దారి ఏదైనా నాదేనా?"

"నీదే."

"అయితే ఈ కచేరి దారి రాసుకోండి. ఇక్కడికి వచ్చే సగం."

గుమాస్తా కలం ఆగిపోయింది. "ఇది ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు."

"ఇవ్వకూడదని గోడ మీద ఉందా?"

అతను కళ్ళజోడు పెట్టుకుని తను రోజూ చూసే గోడని మొదటిసారి చదివాడు. అలాంటి మాట లేదు.

"వదినా, రేపు కార్డు మళ్ళీ పాడైతే?"

"నువ్వు తీసుకొద్దువుగాని. నువ్వూ వచ్చావుగా ఈ దారినే?"

మరిది వెనక్కి తిరిగి మంచులోకి చూశాడు. అతనికి తెలిసింది ఆమె వీపు ఒక్కటే.

దారి జారిపోయింది. తడిబట్ట విప్పేసినట్టనిపించింది ఆమెకి. ఎలా వచ్చిందో తెలియలేదు. ఎలా వెళ్ళాలో మాత్రం అరచేతి గీతల్లా స్పష్టంగా ఉంది. కొత్త కార్డు చేతికొచ్చింది. అందులో కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మరిది చేతిలోంచి పగ్గాలు తీసుకుని ఎద్దులకు నీళ్ళు పెట్టసాగింది.

"ఏమిచ్చావక్కా?" అని ఒకామె అడిగింది. ముసలామె విని ముందుకొచ్చింది. "నాదీ అదే రాసుకో నాయనా." ఆ వెనకామె, ఆమె వెనకామె, అందరూ అదే ఇచ్చారు. దారులు దాచే బీరువాలు ఎన్నడో నిండిపోయాయి. గుమాస్తా ఆ సగం దారులన్నిటినీ నేల మీద పరుచుకుంటూ పోయాడు.

పొద్దు వాలుతుండగా అతను కలం మూసి, క్యారియర్ పట్టుకుని లేచాడు. గుమ్మం వైపు ఒక అడుగు వేసి చూస్తే కిటికీ దగ్గరే ఉన్నాడు. ఇంకో పక్కకి వేశాడు. మళ్ళీ కిటికీ. అతని కాళ్ళ కింద ఉన్నవన్నీ కచేరికి వచ్చే దారులే.

"ఏమ్మా, బయటికెలా వెళ్ళాలి?" అన్నాడు ఊచల్లోంచి.

"ముందు ఆ బీరువాలు తెరువు" అంది ఉప్పు బండి ఆమె.

"అది నిబంధన కాదమ్మా."

"అయితే కూర్చో."

అతను కాసేపు కూర్చున్నాడు. తర్వాత తాళాలు తీశాడు. దారుల చుట్టలు ఒక్కొక్కటే ఊచల్లోంచి బయటికొచ్చాయి. ముసలామె తన చుట్టని వాసన చూసింది. మునగపూల వాసన. నేల మీద పరిచి చెప్పులు విడిచింది. మొదటి నాలుగడుగులు తడబడ్డాయి. తర్వాత తోపుడు బండి చక్రాలు ఆమె వేగాన్ని అందుకోలేకపోయాయి. మంచులో ఒక్కొక్కరే ఒక్కో వైపు కరిగిపోయారు.

"మరి నేను?" అన్నాడు గుమాస్తా.

"నేల మీదవి ఎత్తెయ్. కింద నేల ఉంటుంది."

అతను ఒంగి ఎత్తడం మొదలుపెట్టాడు. చాలా ఉన్నాయి.

ఆమె మరిదిని ఉప్పు బస్తాల మీద కూర్చోబెట్టి బండి కదిలించింది. కనుమ దగ్గర కాపలావాడు కార్డు చూశాడు, ఆమెని చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. కార్డులో ఆమె, బండి మీద ఆమె, ఇద్దరూ అతన్నే చూస్తున్నారు. గేటు ఎత్తాడు.

గేటు దాటాక దారి రెండుగా చీలుతుంది. ఎడమ వైపు నుంచి సీతాఫలాలు ముగ్గిన వాసన వస్తోంది.

"వదినా, ఇల్లు కుడివైపు కదా!"

"తెలుసు" అంది ఆమె, ఎడమ పగ్గం లాగుతూ.