పిడి అటు, మొన ఇటు

కత్తిసాములో బసివిరెడ్డిని కొట్టేవాడు ఆ పాలెంలోనే లేడు. ఆ సంగతి అందరికంటే బసివిరెడ్డికే బాగా తెలుసు. అక్కడే వచ్చింది చిక్కంతా!

కోట దండును నడపడానికి కొత్త దళవాయి కావాలని పాలెగారు సాము నేర్పే ఓబుళప్పకు కబురు పెట్టాడు. ఆ ముసలాయన ఎవరి చేతికి కడియం తొడిగితే వాడే దళవాయి. ఆ కడియం కోసమే బసివిరెడ్డి పదకొండేళ్లు చెమటోడ్చాడు. తీరా పోటీలన్నీ గెలిచి, మీసం మెలేసి, గురువు ముందు చెయ్యి చాపితే ఆయన కడియాన్ని తీసి రొంటిన దోపుకున్నాడు.

"నీకియ్యనురా."

బసివిరెడ్డి చాపిన చెయ్యి తియ్యలేదు. "నాకేం తక్కువైందయ్యా?"

"ఆఖరి పోటీలో మద్దిలేటి కత్తి కింద పడితే ఏం చేసినావు?"

ఓడినవాడి కత్తిని గెలిచినవాడే తీసి, పిడి వాడివైపు పెట్టి, తలవంచి అందించాలి. సాము నేర్పే ఆ గరిడీలో అది కట్టుబాటు. బసివిరెడ్డి దాన్ని కాలితో అవతలికి తన్ని, నవ్వుకుంటూ వచ్చేశాడు. పాపం మద్దిలేటి పాక్కుంటూ పోయి తెచ్చుకున్నాడు.

"ఓస్, అదా! తలలొంచేది, దండాలు పెట్టేది కొలువులో కూర్చునేవాళ్ల పని. కత్తి పట్టినోనికి ఆ మర్యాదలన్నీ దేనికయ్యా?"

ఓబుళప్ప మోకాళ్లు పట్టుకుని లేచాడు. "అయితే కత్తి దుయ్యి. నన్ను గెలిస్తే కడియం నీదే."

డెబ్బై ఏళ్ల మనిషి! బసివిరెడ్డికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మూడో దెబ్బదాకా కూడా నిలవలేదు. కత్తి చేతిలోంచి ఎగిరి ఇసుకలో పడింది. అంతమందిలో పరువు పోయేసరికి వాడి ఒళ్లు భగ్గున మండింది. కళ్లెర్రబడ్డాయి. ఆ క్షణాన ముసలాయన్ని నరికి పోగులు పెట్టాలన్నంత కోపం వచ్చింది వాడికి.

గురువు ఆ కళ్లు చూశాడు. చూసి, తన కత్తి పక్కన పడేశాడు. బసివిరెడ్డి కత్తిని ఇసుకలోంచి తీసి, దులిపి, మొనను తన పొట్టకు ఆనించుకుని పిడి వాడివైపు చాపాడు. తలవంచాడు.

"తీసుకో నాయనా."

బసివిరెడ్డి గబుక్కున పిడి పట్టుకున్నాడు. ఒక్క తోపు చాలు. ముసలాయన మాత్రం నీడపట్టున నిలబడ్డట్టు తీరిగ్గా నిలబడ్డాడు.

కత్తి వణకడం మొదలుపెట్టింది.

ఓబుళప్ప తలెత్తి నవ్వాడు. "కత్తి నీ చేతిలోనే ఉంది కదరా, తలొంచింది నేను. మరి నువ్వెందుకురా వణుకుతుండావు?"