ఒక్క గడపలో నిండిన జోలె

గౌరీశ్వరికి కోపం వస్తే చెప్పులు విప్పడం కూడా మర్చిపోతుంది. ఆ గురువారం పొద్దున్న అలాగే చెప్పులతో స్వామి మండపంలోకి వచ్చేసి, సగం దూరం నడిచాక నాలిక్కరుచుకుని, వెనక్కి పోయి విప్పి వచ్చింది. కోపాన్ని మాత్రం వెంటే తెచ్చుకుంది.

"స్వామీ, ఒక్క మాట అడుగుతాను. రాసేవాళ్ళు గాలి భోంచేసి బతకాలా?"

జోలెస్వామి చేతిలో చీపురు పక్కన పెట్టాడు. పులిగెడ్డ ఊరి చివర, గెడ్డ అనే కొండవాగు ఒడ్డున ఉన్న ఆ రెండు గదుల మండపమే ఆయన మఠం. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. రోజూ భుజాన గుడ్డ జోలె వేసుకుని, ఐదిళ్ళ ముందు నిలబడి, ఇంటికో పిడికెడు అన్నం తెచ్చుకుంటాడు కనక ఊరు ఆయనకి ఆ పేరు ఖాయం చేసింది.

"గాలితో ఎలా బతుకుతారమ్మా? కడుపు నిండొద్దూ?" అన్నాడు.

"మరి రాసినదానికి డబ్బు తీసుకుంటే తప్పా?"

"తప్పెందుకవుతుంది? తీసుకో."

గౌరీశ్వరి గతుక్కుమంది. పార్వతీపురం నుంచి స్కూటీ మీద వస్తూ దారి పొడుగునా పోట్లాటకి మాటలు కూడగట్టుకుంది పాపం. ఈయనేమో మొదటి మాటకే ఒప్పేసుకున్నాడు. పోట్లాడదామని వచ్చిన మనిషికి ఇంతకంటే అన్యాయం ఏముంటుంది!

సంగతేమిటంటే, ఆమె మొన్నమొన్నటి దాకా ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేది. సెలవు దొరికితే చాలు, కొండ కింద జరిగే సంతలకి పోయేది. పసుపు, చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకులు, వాటిని మోసుకొచ్చే మనుషులు, వాళ్ళ బేరాలు, వాళ్ళ నవ్వులు, అన్నీ ఇంటికొచ్చి బ్లాగులో రాసేది. దాని పేరు 'సంత కబుర్లు'. రాయమన్నది స్వామే. ఉపదేశం కావాలని ఆమె మొదటిసారి వచ్చి కూర్చున్నప్పుడు, "చూసింది చూసినట్టు చెప్పు తల్లీ. అంతకంటే పెద్ద చదువు నా దగ్గర లేదు," అన్నాడు. ఆమె అదే పట్టుకుంది.

జనం చదివారు. బాగా చదివారు. దాంతో ధైర్యం వచ్చి ఉద్యోగం మానేసింది. ఊరికే మానేసిందా? "నా రాతే నాకు తిండి పెడుతుంది, చూస్తూ ఉండండి," అని స్టాఫ్‌రూములో అందరి ముందూ అనేసి మరీ వచ్చింది. అదిగో, ఆ మాటే ఇప్పుడు గొంతుకి అడ్డం పడింది.

మొదట బ్లాగులో ప్రకటనలు పెట్టింది. చింతపండు గురించి రాస్తే పక్కన జుట్టు మొలిచే నూనె వచ్చి కూర్చునేది. వచ్చిన డబ్బు టీ ఖర్చుకి సరిపోయేది. తర్వాత ఎవరో చెప్పారని శీర్షికలు మార్చింది. 'ఈ సంతలో జరిగింది తెలిస్తే నోరెళ్ళబెడతారు' అని పెట్టింది. ఆ సంతలో జరిగిందేమిటయ్యా అంటే, చీపుళ్ళు అమ్మారు. మొదటినుంచీ చదివే పెద్దాయన ఒకాయన, "అమ్మా, నోరెళ్ళబెట్టాను. చీపుళ్ళే కనిపించాయి," అని కింద రాశాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఆ శీర్షికలు అప్పుడే పీకేసింది.

ఇప్పుడు ఈ కంపెనీ వచ్చింది. విశాఖలో ఆఫీసు, కొండసరుకు కొని పొట్లాలు కట్టి అమ్ముతారు. నెలనెలా జీతంలా ఇస్తామన్నారు. కాలేజీ ఇచ్చినదానికంటే ఎక్కువ. రాసింది ముందు తమకి చూపించాలి, అప్పుడప్పుడు తమ సరుకు గురించి నాలుగు మంచి ముక్కలు రాయాలి, అంతే. ఇంకొక్కటి. కొండబారి సంతలో ఒక ముసలామె తన పసుపు మూటని రెండు కాటాల మీద పెట్టించింది. ఈ కంపెనీ మనిషి కాటా మీద తక్కువ తూకం, పక్కవాడి కాటా మీద ఎక్కువ తూకం. గౌరీశ్వరి కళ్ళారా చూసి రాసింది. అది తీసేయాలి.

"అబద్ధం రాయమనడం లేదు మేడమ్, ఆ ఒక్క ముక్కా తీసేస్తే చాలు. మీరిక మా మనిషే కదా," అన్నాడు ఫోన్లో కంపెనీ ఆయన. ఎంతో మర్యాదగా అన్నాడు. అవునో కాదో ఈ మధ్యాహ్నం చెప్పాలి.

ఇదంతా గుక్కతిప్పుకోకుండా స్వామికి చెప్పింది.

"నువ్వేం చెబుదామనుకుంటున్నావు?"

"అవుననే చెబుతాను! ఎందుకు చెప్పకూడదు? మా ఆయన జీతం అద్దెకీ బియ్యానికీ సరిపోతుంది. పాప ఫీజు ఎవరు కడతారు? కాదంటే మళ్ళీ ఆ కాలేజీ గుమ్మమే ఎక్కాలి, తల దించుకుని. చచ్చినా ఎక్కను."

"చదివేవాళ్ళు తలా కొంచెం ఇస్తామన్నారని చెప్పావు కదా, మొన్న?"

"అన్నారు. అడగమన్నారు. ఎలా అడగను స్వామీ? చెయ్యి చాపి అడుక్కోమంటారా? నేనేమైనా బిచ్చగత్తెనా?"

అనేశాక తెలిసింది, ఆ మాట ఎవరితో అన్నదో. స్వామి వెనకాల గోడమేకుకి జోలె వేలాడుతోంది. గౌరీశ్వరి మొహం కందిపోయింది. స్వామి పకపకా నవ్వాడు, కళ్ళు తుడుచుకునేంత నవ్వు నవ్వాడు. తర్వాత లేచి జోలె తీసి ఆమె భుజాన వేశాడు.

"వేళయింది, పద. ఇవాళ జోలె నువ్వు పట్టు."

ఏ ముఖం పెట్టుకుని కాదంటుంది? వెనకాలే నడిచింది.

వీధి మొదట్లో ఉన్న ఇళ్ళ ముందు స్వామి ఆగలేదు. నేరుగా తవిటినాయుడి మేడ దగ్గరికి పోయాడు. నాయుడిది ఉప్పుడు బియ్యం మిల్లు. మనిషి మంచివాడే, చెయ్యి కూడా పెద్దదే. "ఐదిళ్ళు తిరగడం ఏటి స్వామీ, ఆ జోలె మా ఇంటిలోనే నిండిపోదా?" అని ఎన్నాళ్ళనుంచో అడుగుతూనే ఉన్నాడు. స్వామి నవ్వి ఊరుకునేవాడు. పిడికెడు దాటి ఏ ఇంటా పుచ్చుకోకపోవడం ఆయన గురువు పెట్టిన నియమం.

ఆ రోజు గుమ్మం ముందు నిలబడి, "నాయుడుగారూ, నింపండి," అన్నాడు.

నాయుడికి కాళ్ళు నేల మీద ఆగలేదు. "ఇన్నాళ్ళకి మా ఇంటి మీద దయ కలిగింది!" అని లోపలికి కేకలేశాడు. ఆ రోజు పూజకి చేయించిన పులిహోర వచ్చింది. గారెలొచ్చాయి, బూరెలొచ్చాయి. జోలె బరువుకి గౌరీశ్వరి భుజం ఒరిగిపోయింది. అవమానం అవుతుందని భయపడుతూ వచ్చిందేమో, ఇదేమిటి, ఇంత సుఖంగా ఉంది! ఒక్క గడప, ఒక్క నిమిషం. అయిపోయింది. చూశారా స్వామీ, నేనన్నదీ ఇదే కదా అనుకుంది మనసులో.

తిరిగి వచ్చేటప్పుడు వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. కన్నమ్మ అనే ముసలమ్మ పిడికిట్లో అన్నం పట్టుకుని మెట్టు దిగి వచ్చింది.

"ఏటి బాబూ, మా గుమ్మం మర్సిపోనావేటి? నిన్నటి పులుసులో ఉప్పెక్కువైపోనాదా?"

"లేదమ్మా. ఇవాళ జోలె నిండిపోయింది."

కన్నమ్మ అన్నం పిడికిలి అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. గౌరీశ్వరి ఆ చేతి వంక చూడలేక తల తిప్పుకుంది.

మండపంలో విస్తళ్ళు వేసుకున్నారు. ఇంకా ముద్ద ఎత్తలేదు, బండి చప్పుడైంది. నాయుడు దిగి వచ్చి, దూరంగా గొంతుక్కూర్చున్నాడు.

"వంటలెలాగున్నాయి స్వామీ?"

"ఇంకా తినలేదు."

"తినండి, తినండి. రేపటినుంచి మా ఇంటి నుంచే కేరియరు వస్తాది. మీరు ఎండలో తిరగక్కర్లేదు." కాసేపు తువ్వాలు సర్దుకున్నాడు. "ఏటనుకోకండి, చిన్న మాట. సాయంత్రం మీరు నలుగురికీ మంచి చెప్పినప్పుడు, మా మిల్లు నీళ్ళ ఊసు ఎత్తకండి. మొన్న ఎత్తినారు. గెడ్డలోకి కంపు నీళ్ళు వదిలేస్తన్నామని ఊరంతా నా మీద పడుతోంది. అబద్ధం ఆడమనడం లేదు. ఆ ఒక్క ఊసూ వదిలేస్తే చాలు. మా ఇంటి ఉప్పు తింటన్నారు, మీరిక మా మనిషే కదా."

గౌరీశ్వరికి ఒళ్ళు మండిపోయింది.

"ఏంటండీ నాయుడుగారూ! ఒక్క పూట అన్నం పెట్టి ఆయన నోరు కొనేద్దామనుకున్నారా? ఆయన చూసింది ఆయన చెబుతారు. వద్దనడానికి మీరెవరు? ఆ ఒక్క ఊసూ వదిలేస్తే చాలా? ఆ ఒక్కటీ వదిలేశాక ఇంక..."

అక్కడ ఆగిపోయింది. స్వామి వంక చూసింది. స్వామి విస్తరి వంక చూస్తున్నాడు. నవ్వడం లేదు, కోప్పడడం లేదు, ఆకలిగా ఉన్న మనిషిలా కూర్చున్నాడు.

తర్వాత ఆయన విస్తళ్ళలోవన్నీ తీసి జోలెలో వేసి, దాని మూతి ముడేసి, నాయుడి ముందు పెట్టాడు.

"మీ మిల్లులో కలాసీలకి పెట్టించండి. పనిచేసి అలిసిపోయి ఉంటారు. జోలె మాత్రం తిరిగి పంపండి."

"తప్పుగా మాట్లాడినానా స్వామీ?"

"లేదు నాయుడుగారూ. మీరు నింపారు, మీరు అడిగారు. నింపమన్నది నేనే."

నాయుడు మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు. కాసేపటికి పనివాడి చేత జోలె వచ్చింది. స్వామి దాన్ని గెడ్డలోకి తీసుకుపోయి, మిల్లు నీళ్ళు కలవని ఎగువన జాడించి, పిండి, ఒక చెంబుతో పాటు తడి తడిగానే గౌరీశ్వరికి అందించాడు.

"నాకు ఆకలేస్తోంది," అన్నాడు. "ఐదిళ్ళు. నువ్వొక్కదానివే వెళ్ళు."

ఆమె వెళ్ళింది. కన్నమ్మ గుమ్మం ముందు నిలబడింది. 'భవతి భిక్షాం దేహి' అనాలి. ఎంత చిన్న మాట! కాలేజీలో వందమంది ముందు గొంతెత్తి పాఠం చెప్పిన మనిషికి ఆ మాట పెదవి దాటి రాలేదు. పారిపోదామనుకుంది. కంపెనీ ఆయన మర్యాద గుర్తొచ్చింది. అంతే, ఎక్కడలేని రోషం వచ్చేసింది. వీధి చివరిదాకా వినపడేలా అరిచింది.

"భవతి భిక్షాం దేహి!"

"అలా అరుస్తావేటే తల్లీ, నాకు సెవుడు లేదు," అంటూ కన్నమ్మ వచ్చి పిడికెడు అన్నం వేసి, చెంబులో ఇంత పులుసు పోసింది. ఏమీ అడగలేదు. "రేపు మరి ఎగ్గొట్టీకండి," అంది, అంతే.

రెండో ఇంట్లో గొంతు కొంచెం సర్దుకుంది. మూడో ఇంటావిడ, స్వామికి ఒంట్లో బాగోలేదా అని అడిగింది. నాలుగో ఇంట్లో కూర అయిపోయిందని ఆవకాయ ముక్క వేశారు. ఐదో గుమ్మం కోసం గౌరీశ్వరి కావాలనే వీధి చివరికి నడిచి, మేడ ముందు నిలబడింది.

నాయుడు బయటికి వచ్చి, ఆమెని చూసి, తువ్వాలు సర్దుకున్నాడు. తర్వాత పళ్ళెం నిండా తెమ్మని లోపలికి చెప్పబోయాడు.

"ఒక్క పిడికెడండి," అంది. "అందరిలాగే."

"మరి సాయంత్రం..."

"సాయంత్రం మీరూ రండి. ముందు వరసలో కూర్చోండి."

నాయుడు ఆమెని ఎగాదిగా చూశాడు. అప్పుడు తనే లోపలికి పోయి, తన చేత్తోనే పిడికెడు తెచ్చి వేశాడు. విసురుగానే వేశాడు, కానీ వేశాడు.

మేడ మలుపు తిరగ్గానే ఫోన్ మోగింది. జోలె భుజం మీద, చెంబు ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో.

"మేడమ్, ఏమాలోచించారు?"

"ఆ ముసలామె పసుపు మూట అక్కడే ఉంటుందండి. ఒక్క అక్షరం తియ్యను. రాసింది ముందు ఎవరికీ చూపించను."

"అయ్యో, మరి మా ఆఫరు..."

"మీకు ఇవ్వాలనిపిస్తే మీరూ ఇవ్వండి. చదివేవాళ్ళు ఎంతిస్తే అంతే, ఒక పిడికెడు. అంతకు మించి నా జోలెలో పట్టదు."

ఆయనకి జోలె సంగతి అర్థం కాలేదు. "హలో? హలో?" అంటూనే ఉన్నాడు. గౌరీశ్వరి ఫోన్ పెట్టేసింది. తర్వాత అక్కడే ఒక అరుగు మీద చెంబు దించి, బ్లాగు తెరిచి రెండు ముక్కలు రాసింది. 'సంత కబుర్లు మీకు పనికొస్తే తలా ఒక టీ ఖర్చు ఇవ్వండి. ఇవ్వలేకపోయినా చదవండి.' కన్నమ్మ గుమ్మం ముందు కంటే ఇప్పుడే ఎక్కువ సిగ్గేసింది. అయినా నొక్కేసింది. అడిగితే ఏమైంది? ఇవ్వనివాళ్ళు ఇవ్వరు. అంతేగా!

మండపంలో స్వామి కొత్త విస్తళ్ళు వేసి కూర్చున్నాడు. ఆమె జోలె విప్పి రెండు విస్తళ్ళలోకీ వడ్డించింది. చెంబులోని పులుసు పోసింది. స్వామి కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు.

"ఉప్పు సరిగ్గా కుదిరింది. ఎవరింటి ఉప్పమ్మా ఇది?"

గౌరీశ్వరి విస్తరి వంక చూసింది. ముతక బియ్యం, సన్న బియ్యం, కన్నమ్మ పులుసు, ఆవకాయ ఎరుపు, నాయుడి పిడికెడు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

"తెలియడం లేదు స్వామీ."

"అయితే తిను," అన్నాడు స్వామి.