పసుపు కప్పిన రెక్కలు

అనగనగా ఒక కొండసీమ. మరీ రాజుల కాలం కాదులెండి, మోటారు సైకిళ్లు మాట్లాడే కాలం. అవెప్పుడూ మాట్లాడతాయి, వినే చెవులే తక్కువ!

ఆ కొండమీద గవరయ్య ఉండేవాడు. వాడికి తన బండంటే ప్రాణం. ఏటా ఆయుధపూజ నాడు దాని ఇంజనుకు పసుపు ముద్ద దిట్టంగా పూసేవాడు. కడిగితే పాపమని మళ్లీ కడిగేవాడు కాదు. గాలి తగిలి ఇంజను చల్లబడడానికి చుట్టూ రెక్కలుంటాయే, వాటి సందుల్లో పసుపూ దుమ్మూ కలిసి రాయిలా గట్టిపడ్డాయి.

ఒకనాడు వాడి భార్య బంగారికి తొలికాన్పు నొప్పులు మొదలయ్యాయి. గవరయ్య ఆదరాబాదరా కొండ దిగి, మంత్రసాని నూకాలమ్మను వెనక ఎక్కించుకుని ఘాటీ రోడ్డు ఎక్కసాగాడు.

మొదటి మలుపులో బండి, "అయ్యా, ఒళ్లు కాలిపోతోంది" అంది. గవరయ్య కాలికి సెగ తగిలింది. "ఓర్చుకో తల్లీ" అని ఇంకా రైజు చేశాడు.

రెండో మలుపులో, "అయ్యా, నూనె పలచబడింది. లోపల ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటున్నాయి. వయసు రాకుండానే ముసలిదాన్నైపోతున్నా" అంది. మాడు వాసన గుప్పుమంది. అయినా వాడు ఆగలేదు.

మూడో మలుపులో బండే ఆగిపోయింది.

గవరయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. సీసాలో నీళ్లు ఇంజను మీద పోయబోయాడు.

"వద్దు! కాగిన ఒంటిమీద చన్నీళ్లు పోస్తే పగిలిపోతాను. నాకు గాలి కావాలి, అంతే" అంది బండి.

"అవతల నా బంగారి..." అంటూ వాడు ఏడుపు లంకించుకున్నాడు.

"ఏడుపు తర్వాతరా నాయనా. ముందు బండిని ఊపిరి తీసుకోనీ" అంటూ నూకాలమ్మ వెదురుపుల్ల విరిచి అందించింది.

గవరయ్య పసుపు గడ్డలు గీకాడు. రెక్కలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. కొండగాలి వాటి నడుమ దూరింది. టిక్కు టిక్కుమంటూ బండి చల్లారుతుంటే వాడు నోరు తెరుచుకుని చూశాడు. ఆహా! ఇంత నిప్పు కడుపులో పెట్టుకుని, ఇన్నాళ్లూ విసుక్కోకుండా నన్ను మోసిందా! వాడి చేతులు వాటంతటవే జోడయ్యాయి.

చల్లారిన బండి మళ్లీ కదిలి, మెల్లగా ఇల్లు చేరింది. నూకాలమ్మ లోపలికి పరుగెత్తింది. కాసేపటికి పసిపాప కేరుమంది. గవరయ్య కళ్లు చెమర్చాయి.

బండి లోపల అరిగింది మాత్రం అరిగిపోయినట్టే. ఆనాటినుంచి ఎత్తు ఎక్కితే సన్నగా పొగ వదిలేది. ఆ పొగ చూసినప్పుడల్లా గవరయ్య మనసు చివుక్కుమనేది.

పాప పుట్టిన నాటి సాయంత్రమే చలిగాలి వీచింది. ముద్దుకొద్దీ పాపకు నిండా దుప్పటి కప్పబోయిన గవరయ్య చెయ్యి టక్కున ఆగింది. దుప్పటి అంచు మడిచి, చిన్ని ముక్కు దగ్గర చోటు వదిలాడు.

నీతి: ఎంత ప్రేమ ఉన్నా, ప్రేమించినదానికి ఊపిరాడే చోటు మూయకూడదు.